వీలునామా, వారసత్వం, పంపకాలు: ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఇళ్లలో పంపకాలు ముందు నోటి మాటగానే జరుగుతాయి. పండక్కి అందరూ కలిసినప్పుడు పెద్దాయన "ఈ ఇల్లు చిన్నోడికి, రోడ్డు పక్క పొలం పెద్దోడికి, బంగారం అమ్మాయికి" అంటారు. అందరూ తలూపుతారు. ఆయన పోయాక ఆ మాట ఎవరికి ఎలా గుర్తుంటే అలా మారిపోతుంది. కింది ప్రశ్నల్లో చాలావరకు ఆ మాటకీ కాగితానికీ మధ్య ఉన్న ఖాళీలోంచి పుట్టినవే. జవాబులు ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆస్తి ఉన్న హిందూ కుటుంబాలకు సంబంధించినవి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు తేడా ఎక్కడుందో విడిగా చెప్పాను.

వీలునామా రాయకుండా పోతే ఆస్తి ప్రభుత్వానికి వెళ్తుందా?

వెళ్లదు. వారసులనేవాళ్లు ఒక్కరూ లేకపోతేనే ప్రభుత్వం వస్తుంది. వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులకు ఆస్తి వెళ్తుంది. వాళ్లు భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. తలా ఒక వాటా, అన్నీ సమానం. కొడుకో కూతురో ముందే చనిపోయి ఉంటే ఆ వాటా వాళ్ల పిల్లలకి వెళ్తుంది. చనిపోయిన కొడుకు భార్యకి కూడా అందులో భాగం ఉంటుంది.

ఈ జాబితాలో తండ్రి లేడు. చాలామంది ఇది వినగానే "అదేంటండీ" అంటారు. తండ్రి రెండో తరగతి వారసుడు. మొదటి తరగతిలో ఒక్కరున్నా ఆయనకి ఏమీ రాదు.

మా తమ్ముడు 36 ఏళ్లకే పోయాడు. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంది. డౌన్ పేమెంట్ నాన్న పొలం అమ్మి ఇచ్చారు. ఇప్పుడు ఎవరిది?

ఫ్లాట్ మీ తమ్ముడి పేరు మీదే ఉంటే, వీలునామా లేకపోతే, ఆయన భార్యకి ఒక వాటా, పిల్లలకి తలా ఒక వాటా, మీ అమ్మగారికి ఒక వాటా. ఒక్కరే బిడ్డ అయితే మూడో వంతు చొప్పున ముగ్గురికీ. పొలం అమ్మి డబ్బిచ్చిన నాన్నగారికి వారసుడిగా ఏమీ లేదు. ఆ డబ్బు అప్పుగా ఇచ్చినట్టు కాగితం ఉంటే అది వేరే కథ, కానీ కొడుక్కి ఇచ్చేటప్పుడు కాగితం రాయించుకునే తండ్రి ఎక్కడుంటాడు?

అవతలి వైపు నుంచి చూసినా చిక్కే. మీ మరదలు ఫ్లాట్ అమ్ముకోవాలంటే అత్తగారి సంతకం కావాలి. బిడ్డ మైనర్ కాబట్టి ఆ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. అత్తాకోడళ్ల మధ్య మాటలు బాగున్నంత కాలం గడిచిపోతుంది. తెగితే ఏళ్ల తరబడి ఆ ఫ్లాట్‌కి తాళం పడుతుంది. వీలునామా ముసలితనంలో రాసేదని అనుకుంటారు గానీ, హోమ్ లోన్ ఉండి, చిన్నపిల్లలున్నవాళ్లకే దాని అవసరం ఎక్కువని నా అభిప్రాయం. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిగా ఉన్న ఎవరైనా రాయొచ్చు.

స్వార్జితం, పిత్రార్జితం అంటారు. తాతగారి నుంచి వచ్చిందంతా పిత్రార్జితమేనా?

కాదు. ఇక్కడే సగం గొడవలు. స్వార్జితం అంటే సొంత సంపాదనతో కొన్నది, గిఫ్టుగానో వీలునామా ద్వారానో వచ్చింది. దాన్ని తండ్రి తన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. ఆయన బతికుండగా "నా వాటా ఇవ్వు" అని అడిగే హక్కు కొడుక్కీ లేదు, కూతురికీ లేదు.

పిత్రార్జితం అంటే ఉమ్మడి కుటుంబ ఆస్తి. అందులో పుట్టుకతోనే హక్కు వస్తుంది. అయితే 1956 తర్వాత చనిపోయిన తాతగారి స్వార్జితం వీలునామా లేకుండా మీ నాన్నగారికి వారసత్వంగా వచ్చిందనుకోండి, అది నాన్నగారి సొంత ఆస్తే తప్ప మనవళ్లకి అందులో పుట్టుకతో హక్కు రాదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీం కోర్టు ఈ సంగతి తేల్చింది. కాబట్టి "తాత ఆస్తి, మాకూ హక్కుంది" అనే ముందు అది తాతగారికి ఎలా వచ్చింది, ఆయన ఎప్పుడు పోయారు, మధ్యలో పంపకం జరిగిందా అనే మూడూ చూడాలి. పాత దస్తావేజులూ, పాత అడంగల్ పహాణీలూ (పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే రెవెన్యూ రికార్డులు) తీయకుండా దీనికి ఎవరూ జవాబు చెప్పలేరు.

ఉమ్మడి ఆస్తి మొత్తాన్నీ తండ్రి వీలునామాలో రాయలేడు. తన వాటా వరకూ రాయొచ్చు.

ఆడపిల్లకి సమాన హక్కు ఎప్పటి నుంచి?

స్వార్జితం విషయంలో 1956 నుంచీ ఉంది. వీలునామా లేకుండా తండ్రి పోతే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉందని ఊళ్లలో ఇప్పటికీ చాలామందికి తెలియదు.

ఉమ్మడి ఆస్తిలో హక్కు దేశం కంటే ముందు మన దగ్గరికే వచ్చింది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకి మాత్రం అది వర్తించలేదు. దాంతో ఒకే ఇంట్లో అక్కకి హక్కు లేదు, చెల్లికి ఉంది. 2005 సెప్టెంబరు 9న కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. పెళ్లి ఎప్పుడయినా సరే, కూతురు పుట్టుకతోనే వాటాదారు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అనే సందేహానికి 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు అక్కర్లేదని చెప్పింది.

ఒక మినహాయింపు ఉంది. 2004 డిసెంబరు 20 కంటే ముందే రిజిస్టర్ అయిన పంపకాన్నీ, అమ్మకాన్నీ ఇప్పుడు తిరగదోడలేరు. "అప్పుడే నోటి మాటగా పంచుకున్నాం" అనే వాదనని కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు. దానికి తగ్గ ప్రభుత్వ రికార్డు కనిపించాలి.

పెళ్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం. అయినా వాటా అడగొచ్చా?

చట్టం దృష్టిలో అడగొచ్చు. కట్నం వాటాకి బదులు కాదు. నిజానికి కట్నం ఇచ్చామని కోర్టులో చెప్పడమే ఒక నేరాన్ని ఒప్పుకోవడం. ఇచ్చిన ఎకరం అమ్మాయి పేరున రిజిస్టర్ అయి ఉంటే అది ఆమె సొంతం, ఉమ్మడి ఆస్తిలో ఆమె వాటా లెక్క దానికి వేరు. రిజిస్టర్ కాకుండా నోటి మాటగా ఇచ్చి ఉంటే, తరవాత అన్నదమ్ములు కాదంటే నిలబెట్టుకోవడం ఆమెకి కష్టం.

తండ్రికి "అమ్మాయికి ముందే ఇచ్చేశాను" అనే ఉద్దేశం ఉంటే, తన స్వార్జితం విషయంలో ఆ మాట వీలునామాలో రాయాలి. ఏం ఇచ్చారో, ఎప్పుడిచ్చారో, అందుకే మిగతాది ఫలానావాళ్లకి రాస్తున్నానని. అలా రాసిన వీలునామాని కొట్టేయించడం కష్టం. కారణం చెప్పకుండా కూతురి పేరే ఎత్తని వీలునామా మీద అనుమానం మొదట అక్కడే వస్తుంది.

చెల్లెలు "నాకు వాటా వద్దు" అని నాన్న బతికుండగానే సంతకం చేసింది. చాలదా?

నాన్నగారి స్వార్జితం మీద అయితే సాధారణంగా చెల్లదు. ఇంకా రాని హక్కుని ఎవరూ వదులుకోలేరు. ఆయన పోయాక ఆమె తన ఇష్టంతో హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టర్ చేయించాలి. తెల్లకాగితం మీదో, వంద రూపాయల స్టాంపు కాగితం మీదో సంతకం తీసుకుని బీరువాలో పెట్టుకుంటే ఆమెకి మనసు మారిన రోజు, లేదా ఆమె తర్వాత ఆమె పిల్లలు అడిగిన రోజు, అది నిలబడదు.

ఆడవాళ్ల ఆస్తి ఎవరికి వెళ్తుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సినవాళ్లు ఎక్కువ.

హిందూ స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే మొదట భర్తకీ పిల్లలకీ వెళ్తుంది. అంతవరకూ ఇబ్బంది లేదు. పిల్లలూ భర్తా లేకపోతే భర్త తరఫు వారసులకి వెళ్తుంది, ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులకి. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, పిల్లలు లేనప్పుడు, తండ్రి వారసుల వైపు తిరిగి వెళ్తుంది. కానీ ఆమె స్వయంగా సంపాదించుకున్నదానికి ఈ మినహాయింపు లేదు.

దీని ఫలితం ఎంత విచిత్రంగా ఉంటుందో 2009లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చిన ఓం ప్రకాశ్ కేసు చూస్తే తెలుస్తుంది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయిన ఒక స్త్రీని అత్తింటివాళ్లు పంపేశారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఆమె ఉద్యోగం చేసి కూడబెట్టుకుంది, వీలునామా రాయకుండా చనిపోయింది. ఆ డబ్బంతా అత్తింటి వారసులకే వెళ్లింది. చట్టం అలా ఉంది, సానుభూతితో తీర్పు ఇవ్వలేమని కోర్టు చెప్పింది.

ఒంటరిగా ఉన్నవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, భర్త పోయినవాళ్లు, సొంత జీతం ఉన్న ఆడవాళ్లు అందరూ వీలునామా రాసుకోవాలి. ఒక పేజీ చాలు. భర్తని అడగాల్సిన పని లేదు. తన పేరు మీదున్న ఆస్తికి హిందూ స్త్రీ పూర్తి యజమాని.

వీలునామా ఎలా రాయాలి? స్టాంపు కాగితం, లాయరు, టైపింగ్ తప్పనిసరా?

ఏవీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద తెలుగులో చేత్తో రాసుకున్నా చెల్లుతుంది. చదువు రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. కావాల్సిందల్లా రాసినాయన సంతకం, కనీసం ఇద్దరు సాక్షులు. ఆయన సంతకం చేయడం సాక్షులు చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన వాళ్లతో చెప్పాలి. సాక్షులు ఆయన ఎదుటే సంతకం పెట్టాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 63వ సెక్షన్ అడిగేది ఇంతే.

ఇంత తేలికైన పని చివరికి ఎక్కడ చెడుతుందంటే ఆస్తి వివరంలో. "పడమటి చేను పెద్దోడికి" అని రాస్తే ఏ చేను అన్నది మళ్లీ తగాదా. ఊరు, మండలం, సర్వే నంబరు, సబ్ డివిజన్, ఎకరాలూ సెంట్లు లేదా ఎకరాలూ గుంటలు, నాలుగు హద్దులు, మీకు ఆ ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే దస్తావేజు నంబరు రాయండి. ఇంటికైతే డోర్ నంబరు పాతదీ కొత్తదీ రెండూ. బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, లాకరు, షేర్లు, బంగారం అన్నీ పేరుపేరునా. చివర్లో ఒక వాక్యం తప్పనిసరి: "పైన చెప్పనివీ, ఇకపై నేను సంపాదించబోయేవీ అయిన ఆస్తులన్నీ ఫలానావారికి చెందాలి." ఇది మరిచిపోతే వీలునామా రాశాక కొన్న స్థలానికి వీలునామా లేనట్టే.

మీరు ఎవరికి ఆస్తి రాశారో వాళ్లు మీకంటే ముందే పోతే ఆ వాటా ఎవరికన్నది కూడా రాయండి. దస్తావేజు లేఖరుల నమూనాల్లో ఈ మాట తరచూ ఉండదు.

సాక్షులుగా ఎవరిని పెట్టాలి?

మీకంటే వయసులో చిన్నవాళ్లని. మీ వయసు స్నేహితుడు ఆప్తుడే, కానీ మీరు పోయాక పదేళ్లకి కోర్టులో నిలబడి చెప్పగలిగేవాడు కావాలి. వీలునామాని కోర్టులో రుజువు చేయాలంటే సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి చెప్పాలి.

వీలునామాలో ఆస్తి వచ్చేవాళ్లూ, వాళ్ల భార్యాభర్తలూ సాక్షి సంతకం పెట్టకూడదు. క్రైస్తవులకైతే అలా పెట్టినవాళ్లకి రాసిన ఆస్తి చెల్లకుండా పోతుంది. హిందువులకి ఆ నిబంధన వర్తించదు గానీ, లాభం పొందే మనిషే సాక్షి అయితే అనుమానానికి తలుపు తెరిచినట్టే. బాగా పెద్దవయసులో రాస్తుంటే సాక్షుల్లో ఒకరు మిమ్మల్ని చూసే డాక్టరు అయితే చాలా మంచిది.

రిజిస్టర్ చేయించాలా?

చట్టం అడగదు. అయినా చేయించమనే చెబుతాను. స్టాంపు డ్యూటీ లేదు, రుసుము నామమాత్రం. మంచం మీద ఉన్నవాళ్లయితే దరఖాస్తు పెట్టి, ఫీజు కడితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వస్తారు.

రహస్యం బయటపడుతుందని భయపడేవాళ్లకి ఒక మాట. వీలునామా మామూలు అమ్మకం దస్తావేజులతో కలిసి ఉండదు, ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) కనిపించదు. మీరు బతికుండగా దాని నకలు మీకూ, మీరు అధికారం ఇచ్చినవాళ్లకీ తప్ప ఎవరికీ ఇవ్వరు. అదీ వద్దనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. ఈ రెండోది ఎందుకో మన దగ్గర పెద్దగా ఎవరూ వాడరు.

అయితే రిజిస్టర్ అయింది కదా, ఇక తిరుగులేదని అనుకోవద్దు. సంతకం ఆయనదే అని దానికి బలం వస్తుంది, అంతే. మతి నిలకడగా లేనప్పుడు రాయించారనో, బలవంతంగా రాయించారనో రిజిస్టర్ అయినదాన్ని కూడా సవాలు చేయొచ్చు.

తర్వాత మార్చుకోవచ్చా?

బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా. చివరిగా రాసిందే చెల్లుతుంది. రిజిస్టర్ అయిన పాతదాని మీద రిజిస్టర్ కాని కొత్తది గెలవచ్చు, కానీ కోర్టు దాన్ని భూతద్దం పెట్టి చూస్తుంది. అందుకే మొదటిది రిజిస్టర్ చేయించినవాళ్లు మార్పు కూడా రిజిస్టర్ చేయించుకోవాలి. కొత్తదాంట్లో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను" అని తేదీలతో సహా రాయండి.

నాన్న ఆస్పత్రి నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. అది వీలునామా అవుతుందా?

అవదు. వీడియో కూడా ఒంటరిగా వీలునామా కాదు. ఓటీపీతో చేసే ఎలక్ట్రానిక్ సంతకం వీలునామాకి పనికిరాదని సమాచార సాంకేతిక చట్టమే మినహాయించింది. కాగితం, సిరా, ఇద్దరు సాక్షులు. సంతకం పెట్టేటప్పుడు తీసిన వీడియో మాత్రం తెలివిగా ఉన్నారని చూపడానికి ఉపయోగపడుతుంది.

"నా తర్వాత నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తర్వాత కొడుకులకి" అని రాయొచ్చా?

మన వీలునామాల్లో అందరికీ ఇష్టమైన వాక్యం ఇదే. కోర్టుల్లో ఎక్కువగా చిక్కు తెచ్చేదీ ఇదే. భార్యకి పోషణ హక్కు ముందే ఉంది కాబట్టి ఆ హక్కు కింద వచ్చిన ఆస్తి, "అనుభవించడానికి మాత్రమే" అని రాసినా, ఆమె సొంత ఆస్తి అయిపోతుందని 1977లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తులశమ్మ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. ఆ తర్వాత వచ్చిన తీర్పులు అన్నీ ఒక దారిలో లేవు. ఆమె అమ్ముకోవచ్చా లేదా అన్నది వీలునామాలోని ఒక్కో మాట మీద ఆధారపడుతుంది.

నా సలహా అడిగితే, ఇల్లు ఆమెకి పూర్తిగా రాసేయండి. ఆమె మళ్లీ తన వీలునామా రాసుకుంటుంది. నలభై ఏళ్లు కలిసి బతికిన మనిషి పిల్లలకి అన్యాయం చేస్తుందని భయపడి రాసే వాక్యం ఆమెని కొడుకుల దయ మీద ఉంచుతుంది. ఇల్లు ఆమె పేరు మీదుంటే కనీసం మందులకి ఎవరినీ అడగక్కర్లేదు.

వీలునామా బదులు ఇప్పుడే గిఫ్ట్ డీడ్ రాసేస్తే?

గిఫ్ట్ రిజిస్టర్ అయి, పుచ్చుకున్నవాళ్లు స్వీకరించిన క్షణం నుంచి ఆస్తి వాళ్లది. స్టాంపు డ్యూటీ ఉంటుంది. మనసు మారితే మీరు ఒంటరిగా రద్దు చేయలేరు. వీలునామా మీరు పోయాకే అమల్లోకి వస్తుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఉండే ఇంటిని బతికుండగా రాసివ్వొద్దని నేను గట్టిగానే చెబుతాను.

ఇప్పటికే ఇచ్చేసి ఇబ్బంది పడుతున్నవాళ్లకి 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. బాగా చూసుకుంటారన్న షరతు మీద రాసిస్తే, చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. మన దగ్గర ఆ ట్రిబ్యునల్ ఆర్డీఓ ఆఫీసులో ఉంటుంది. షరతు ఉందని చూపించాలని 2022లో సుప్రీం కోర్టు అంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా అర్థం చేసుకోవాలని చెప్పింది. రెండో తీర్పు మీద ఆశ పెట్టుకోకుండా, రాసిచ్చేటప్పుడే "తిండి, మందులు, నివాసం చూసుకోవాలి, లేకపోతే ఈ గిఫ్ట్ రద్దు" అని దస్తావేజులో రాయించండి. అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకుంటే అదీ ఒక సమాచారమే.

బ్యాంకులో నామినీగా పెద్దబ్బాయి ఉన్నాడు. డబ్బు అతనిదేనా?

కాదు. నామినీ డబ్బు అందుకునే మనిషి. దాన్ని వారసులకి లేదా వీలునామాలో ఉన్నవాళ్లకి ఇవ్వాల్సిన బాధ్యత అతనిది. షేర్ల విషయంలో కూడా ఇదే అని 2023 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పింది. జీవిత బీమాలో కొంత తేడా ఉంది. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లకే చెందుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురు నామినీల వరకూ పెట్టుకోవచ్చు. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మ పేరు రాసిన పీఎఫ్ నామినేషన్ అలాగే ఉందేమో ఒకసారి చూసుకోండి.

రెండో భార్యకీ, ఆమె పిల్లలకీ హక్కుందా?

మొదటి భార్య బతికుండి, విడాకులు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి హిందూ చట్టం ప్రకారం చెల్లదు. ఆమెకి వారసత్వ హక్కు రాదు. ఆ పిల్లలకి మాత్రం వస్తుంది. తండ్రి సొంత ఆస్తిలోనూ, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలోనూ వాళ్లకి భాగం ఉందని 2023లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. ఆమెకి ఏదైనా మిగలాలంటే వీలునామా రాయాలి, అది స్వార్జితానికీ, ఉమ్మడి ఆస్తిలో తన వాటాకీ మాత్రమే.

మా బాబుకి ఆటిజం. మా తర్వాత వాడి సంగతి?

వాడి పేరున నేరుగా ఆస్తి రాస్తే నడిపే మనిషి ఉండడు. అన్నయ్య పేరున రాసి "తమ్ముణ్ణి చూసుకో" అంటే అది నమ్మకం మీదే ఆధారపడుతుంది. ప్రైవేటు ట్రస్టు పెట్టి, ఇద్దరు ముగ్గురు ట్రస్టీలని నియమించి, ఆ ఆదాయం వాడికే ఖర్చు పెట్టాలని రాయడం మేలు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి పద్దెనిమిదేళ్లు దాటాక కూడా గార్డియన్‌ని నియమించే వీలు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. జిల్లాలో కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. మీరు ఓపికగా ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టండి. ఇంత పెద్ద వ్యాసంలో లాయర్ని కచ్చితంగా పెట్టుకోండి అని నేను చెప్పే చోటు ఇదే.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో ఏం మారుతుంది?

ముస్లింలు వీలునామా ద్వారా ఆస్తిలో మూడో వంతు వరకే రాయగలరు. సున్నీ కుటుంబాల్లో వారసుల్లో ఒకరికే రాయాలంటే మిగతా వారసులు, ఆయన పోయాక, ఒప్పుకోవాలి. వీలునామా లేకపోతే పిల్లలున్నప్పుడు భార్యకి ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం.

క్రైస్తవులకి 1925 చట్టమే. వీలునామా లేకపోతే భార్యకి మూడో వంతు, మిగతాది పిల్లలకి సమానంగా. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. హిందువులకి అలా కాదు.

మేం అమెరికాలో ఉంటాం. గుంటూరు పొలం మాకు వస్తుందా? అక్కడి పౌరసత్వం తీసుకున్నా సరేనా?

వస్తుంది. ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు) వ్యవసాయ భూమి కొనలేరు గానీ వారసత్వంగా పొందొచ్చు. అమ్మాక ఆ డబ్బు పన్నులు కట్టి, ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకూ బయటికి తీసుకెళ్లొచ్చు. అమెరికా పన్ను చెల్లించే హోదాలో ఉన్నవాళ్లు, విదేశాల్లో ఉన్నవాళ్ల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి వారసత్వం వస్తే అక్కడ ఫారం 3520లో చెప్పాలి. అక్కడ పన్ను పడకపోయినా, చెప్పకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది.

ఇంకొకటి. నాన్నగారు మీకిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆయన పోయిన క్షణంలో చచ్చిపోతుంది. ఆ అధికార పత్రంతో తర్వాత చేసిన అమ్మకం చెల్లదు. ఇండియా ఆస్తులకి ఇక్కడి పద్ధతిలో విడిగా ఒక వీలునామా రాయించుకుంటే, అక్కడి కోర్టు కాగితాలు ఇక్కడికి మోసుకొచ్చే పని తప్పుతుంది. అలా విడిగా రాసేటప్పుడు అమెరికా వీలునామాలోని "గతంలోవన్నీ రద్దు" అనే వాక్యం దీన్ని మింగేయకుండా చూసుకోండి.

ఇంటిపెద్ద పోయారు. ముందు ఏం చేయాలి?

21 రోజుల్లోపు మరణం నమోదు చేయించి, డెత్ సర్టిఫికెట్ నకళ్లు ఎక్కువే తీసుకోండి. పేరు స్పెల్లింగ్ ఆధార్‌తో సరిపోయిందా చూడండి, ఒక్క అక్షరం తేడాకి బ్యాంకుల్లో నెలలు పోతాయి. ఆయన ఏటీఎం కార్డుతో, ఫోన్‌పేతో డబ్బు తీయొద్దు. కర్మకాండల ఖర్చుకే అయినా, తర్వాత అది తోబుట్టువుల మధ్య మాటగా మారుతుంది, బ్యాంకూ ఒప్పుకోదు.

తర్వాత మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. తహసీల్దార్ ఇచ్చే ఈ పత్రం కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది, పెన్షన్‌కీ రికార్డు మార్పుకీ పనికొస్తుంది. నామినీ లేని పెద్ద డిపాజిట్లకీ షేర్లకీ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అడుగుతారు. రెండూ వేరు. మన రెండు రాష్ట్రాల్లో వీలునామాకి ప్రొబేట్ (వీలునామా నిజమైనదే అని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి కాదు, అయినా కొందరు బ్యాంకు మేనేజర్లు అడుగుతుంటారు.

పొలానికి మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు, చేయించాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అందులో వారసులందరికీ నోటీసులిచ్చి, విచారించి పేరు మారుస్తారు. ఆంధ్రాలో మీసేవలో లేదా సచివాలయంలో దరఖాస్తు, మార్పు జరిగాక 1బి (భూమి యజమానుల రికార్డు), అడంగల్‌లో చూసుకోవాలి. మ్యుటేషన్ అయినంత మాత్రాన హక్కు రాదు, అది రికార్డు మాత్రమే. పాస్ పుస్తకంలో అన్నయ్య ఒక్కడి పేరే ఎక్కినా చెల్లెలి వాటా ఎక్కడికీ పోదు.

పెద్దకర్మ రోజునే ప్రోనోట్లు పట్టుకుని వచ్చారు. మేం కట్టాలా?

ఆయన ఆస్తి మీకు ఎంత వచ్చిందో అంతవరకే. మీ జీతం, మీరు కొన్న ఇల్లు జోలికి రాలేరు. ప్రోనోటుకి సాధారణంగా మూడేళ్ల గడువు. మధ్యలో కొంత కట్టినట్టు సంతకం ఉంటే అక్కడి నుంచి మళ్లీ లెక్క. ఆ రోజు ఆవేశంలో "మా నాన్న అప్పు నేను తీరుస్తా" అని కొత్త కాగితం రాసివ్వకండి. నకలు తీసుకుని, సంతకం పోల్చుకుని, నెల తర్వాత మాట్లాడదామని చెప్పండి.

వారసత్వంగా వచ్చినదాని మీద పన్ను ఉందా?

లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే తీసేశారు. అమ్మినప్పుడు మాత్రం లాభం మీద పన్ను ఉంటుంది. ఆ లాభం లెక్కకి మీ నాన్నగారు కొన్న ధర, ఆయన కొన్న తేదీ తీసుకుంటారు. 2001 ఏప్రిల్ 1 కంటే ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువ తీసుకునే వీలుంది. పట్టణ పరిధికి దూరంగా ఉన్న వ్యవసాయ భూమికి ఈ పన్నే లేదు. కాబట్టి మ్యుటేషన్ అయిపోయింది కదా అని ఆయన పాత కొనుగోలు దస్తావేజు పారేయకండి.